36 క్లిక్కులు... మూడు జిల్లాలు

ఫోన్‌తో ఒక్క పెళ్లికి వెయ్యి ఫొటోలు తీసే కాలమిది. ఇప్పుడు రీలు కెమెరా మెడలో వేసుకుని తిరిగితే ఏమొస్తుంది? మూడు పాత మెకానికల్ కెమెరాలతో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చుట్టొచ్చిన అనుభవం ఇది. ఏ కెమెరా ఎక్కడ ఆదుకుంది, ఎక్కడ ముంచింది, ఈ విద్య నేర్చుకుంటే దారి ఎటు పోతుంది... చదవండి.

మా ఇంట్లో ఒక ఊరి ఫొటోలు రెండే ఉన్నాయి. అది మా అవ్వ పుట్టిన ఊరు. కొల్లాపూర్ అవతల కృష్ణ ఒడ్డున ఉండేది. 1980ల మొదట్లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లొచ్చి మునిగిన ఊళ్లలో అదీ ఒకటి. ఒక ఫొటోలో వేపచెట్టు, రచ్చకట్ట, దాని మీద పది మంది. రెండోదాంట్లో అవ్వ వాళ్ల ఇంటి అరుగు. రెండూ చదరంగా ఉంటాయి. మా పెద్దమామ ఆగ్ఫా క్లిక్ 3 కెమెరాతో తీసినవి. బరోడాలో తయారైన ఆ ప్లాస్టిక్ కెమెరాలో రీలుకు 12 బొమ్మలే వచ్చేవి. మరి మిగతా పది ఏమయ్యాయి?

"మిగతాయి మనుషులవి దిగినం. ఊరు యాడికి పోతదనుకోలే" అంటుంది అవ్వ.

ఈ పిచ్చి నాకు ఆ రెండు ఫొటోలతోనే మొదలైంది.

'ఈ రోజుల్లో రీలు కెమెరా ఏంటి?' అని నవ్వేవాళ్లు నవ్వొచ్చు. కానీ పెంటాక్స్ కంపెనీ 2024లో చేత్తో లివర్ తిప్పి రీలు జరుపుకొనే సరికొత్త ఫిల్మ్ కెమెరాను 'పెంటాక్స్ 17' పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. 2023లో వచ్చిన 'ఓపెన్‌హైమర్' సినిమాను ఫిల్మ్ మీదే తీశారు. అందులోని నలుపు-తెలుపు సీన్ల కోసం కొడాక్ ప్రత్యేకంగా 65 మిల్లీమీటర్ల ఫిల్మ్ తయారు చేసిచ్చింది. 2012లో దివాలా పిటిషన్ వేసిన కొడాకే!

సంచిలో మూడు

నాతో తీసుకెళ్లినవి మూడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా పెంటాక్స్ కె1000. స్నేహితుడిని బతిమాలి తెచ్చుకున్న నికాన్ ఎఫ్ఎం2. మా మామ బీరువాలో గుడ్డ చుట్టి పెట్టిన యాషికా మ్యాట్ 124జి. ఇది ఒకదానిపై ఒకటి రెండు లెన్సులుండే డబ్బా కెమెరా. పాత సినిమాల్లో ఫొటోగ్రాఫర్ తల వంచి, పొట్ట దగ్గర పెట్టుకుని తీస్తాడే, ఆ రకం.

మూడింటికీ ఒక పోలిక ఉంది. బ్యాటరీ తీసి పక్కన పెట్టినా ఫొటో తీస్తాయి. లివర్ తిప్పితే లోపల స్ప్రింగ్ బిగుస్తుంది, బటన్ నొక్కితే వదులుతుంది. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో చిన్న చిన్న పళ్లచక్రాలు చూసుకుంటాయి. గోడ గడియారంలో జరిగే పనే. ఒక సెకను దగ్గర పెట్టి నొక్కితే 'గర్ర్...' మని వినిపించేది ఆ చక్రాల చప్పుడే. బ్యాటరీ ఉన్నది వెలుతురు కొలిచే మీటర్ కోసమే. అదే మినోల్టా ఎక్స్-300 లాంటి ఎలక్ట్రానిక్ కెమెరాలో బ్యాటరీ అయిపోతే క్లిక్ కూడా పడదు. పాత కెమెరా కొనేవాళ్లు ముందు తెలుసుకోవాల్సిన తేడా ఇదే.

గద్వాల ఎండకు మీటరెందుకు?

గద్వాల కోటకు దగ్గర్లో, ఫ్లెక్సీలు వేసే షాపు పక్క సందులో ఒక స్టూడియో ఉంది. ఇప్పుడక్కడ నడిచేది పాస్‌పోర్టు ఫొటోలు, జిరాక్సులు, ఆన్‌లైన్ ఫారాలు. కౌంటర్ వెనక కుర్చీలో కూర్చున్న పెద్దాయన నా మెడలో పెంటాక్స్ చూసి కళ్లద్దాలు సర్దుకున్నారు.

"మీటర్ పనిచేస్తదా నాయనా?"

"లేదు పెద్దయ్యా. ముల్లు కదలట్లేదు."

"మంచిదే. గద్వాల ఎండకు మీటరెందుకు?"

ఆయన చెప్పిన లెక్క ప్రపంచమంతా ఫొటోగ్రాఫర్లు వాడేదే. ఎండ నెత్తిన ఉంటే లెన్సును ఎఫ్/16 దగ్గర పెట్టాలి. షట్టర్ వేగాన్ని ఫిల్మ్ డబ్బా మీది నంబరుకు దగ్గరగా పెట్టాలి. 200 ఫిల్మ్ అయితే 1/250, 400 అయితే 1/500. పల్చటి మబ్బుంటే ఎఫ్/11, మబ్బు గట్టిగా పడితే ఎఫ్/8. చెట్టు నీడలోకో, వసారా కిందికో వస్తే ఎఫ్/5.6 లేదా 4. ఫోన్ ఈ లెక్క మనకు తెలియకుండా సెకనులో చేసేస్తుంది. ఇక్కడ మనమే చేయాలి. రెండు రీళ్లు అయ్యేసరికి వెలుతురు చూడగానే నోట్లో అంకె ఆడుతుంది. అనుమానమొస్తే ఒక మెట్టు ఎక్కువ వెలుతురే ఇవ్వండి. నెగెటివ్ ఫిల్మ్ ఎక్కువైతే ఓర్చుకుంటుంది, తక్కువైతే ఓర్చుకోదు.

మాట మీద మాట వచ్చి పెద్దాయన బీరువా తెరిచారు. సోవియట్ కాలపు జెనిట్-ఇ ఒకటి, యాషికా ఎఫ్ఎక్స్-3 సూపర్ 2000 ఒకటి బయటికొచ్చాయి. రెండోదాని తోలు అంచులు లేచిపోయి ఉన్నాయి. ఆ మోడల్‌కు అది పుట్టుకతో వచ్చిన రోగం, పనికి అడ్డం కాదు. ఇంకేం... మధ్యాహ్నం పన్నెండింటికి కోట ద్వారం ముందు కెమెరాల పోటీ పెట్టేశాం.

పరీక్ష చిన్నదే. మనిషి ముఖం స్పష్టంగా రావాలి, వెనక గోడ మసకబారాలి. అలా రావాలంటే లెన్సు వీలైనంత తెరుచుకోవాలి. తెరిస్తే వెలుతురు ఎక్కువ పడుతుంది కాబట్టి షట్టర్ అంత వేగంగా మూసుకోవాలి. అందరికీ 400 ఫిల్మ్ అనుకుందాం. జెనిట్ గరిష్ఠ వేగం 1/500. అంటే ఆ ఎండలో ఎఫ్/16 దగ్గరే ఆగిపోవాలి, గోడలోని ప్రతి రాయీ కనిపిస్తుంది. యాషికా మ్యాట్‌దీ అదే వేగం, కథా అదే. పెంటాక్స్ 1/1000 వరకు వెళ్తుంది, ఎఫ్/11 దొరికింది. ఎఫ్ఎక్స్-3 పేరులోనే ఉంది 2000 అని, దాంతో ఎఫ్/8. నికాన్ ఎఫ్ఎం2 1982లో వచ్చినప్పుడే 1/4000 వేగంతో వచ్చింది. ఎఫ్/5.6 దాకా తెరవగలిగాను. గోడ మెత్తబడింది, ముఖం ముందుకొచ్చింది. అది కూడా బ్యాటరీ లేకుండా, ఉత్త స్ప్రింగుల మీద! ఎఫ్ఎం2కు ఇప్పటికీ అంత రేటు ఎందుకో అక్కడ అర్థమైంది.

అలాగని ఎఫ్ఎం2నే కొనమని కాదు. అదే ఫలితం 100 ఫిల్మ్ వేస్తే పెంటాక్స్‌లోనూ వస్తుంది. ఎండకు తగ్గ ఫిల్మ్ వేసుకోవడం కెమెరా మార్చడం కన్నా చవక.

పెళ్లిళ్ల సంగతి అడిగితే పెద్దాయన ఫ్లాష్ దగ్గరకొచ్చారు. ఇలాంటి కెమెరాల్లో ఫ్లాష్ వెలిగే క్షణానికి షట్టర్ పూర్తిగా తెరిచి ఉండాలి. అందుకే ప్రతిదానికీ ఒక హద్దు ఉంటుంది. పెంటాక్స్ కె1000కు 1/60, ఎఫ్ఎక్స్-3కి 1/125, ఎఫ్ఎం2కు మొదట 1/200, తర్వాతి మోడల్‌లో 1/250. పందిరి బయట ఎండలో పెళ్లికూతురి ముఖం మీది నీడ పోగొట్టాలంటే పగలే ఫ్లాష్ కొట్టాలి. 100 ఫిల్మ్‌తో 1/60 అంటే లెన్సును ఎఫ్/22 దాకా మూసేయాలి. అంత మూస్తే చిన్న ఫ్లాష్ వెలుగు చాలదు. యాషికా మ్యాట్‌లో షట్టర్ లెన్సు మధ్యలోనే ఉంటుంది కనక 1/500 దగ్గరా ఫ్లాష్ పనిచేస్తుంది. "అందుకే అది పాతదైనా అమ్మలే" అన్నారాయన.

మగ్గం గుంతలో...

ఎండలో గెలిచిన కెమెరా ఇంట్లో గెలవాలని లేదు. గద్వాల చీర నేసే ఇంట్లోకి వెళ్లాను. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. ఆ రెంటినీ మగ్గం మీదే కలపడం ఈ చీర ప్రత్యేకత. ఒక్క కిటికీ వెలుతురే ఉంది. 400 ఫిల్మ్‌కు ఎఫ్/2, 1/30 వచ్చింది లెక్క. పెంటాక్స్‌లో అద్దం లేచి పడే కుదుపు చేతికి తెలుస్తుంది. ఊపిరి బిగబట్టి తీయాల్సి వచ్చింది. నికాన్ కొంచెం నయం. దాని వ్యూఫైండర్ వెలుతురుగా ఉండి చీకట్లో ఫోకస్ త్వరగా దొరికింది.

నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం మామ డబ్బా కెమెరా. దాని లెన్సు ఎఫ్/3.5 కన్నా తెరుచుకోదు. లెక్క ప్రకారం ఓడిపోవాలి. కానీ అందులో ఫొటో తీసేటప్పుడు లేచే అద్దం లేదు. మెడ పట్టీని కిందికి గట్టిగా లాగి పట్టుకుని 1/15, 1/8 దగ్గర కూడా తీశాను. ఆరింట్లో నాలుగు నిలిచాయి. క్లిక్ అయిన చప్పుడు నేతన్నకు వినిపించనే లేదు. ఇంకో సంగతి. కెమెరా కంటికి అడ్డం పెట్టుకుంటే ఎదుటి మనిషి బిగుసుకుపోతాడు. పొట్ట దగ్గర పెట్టుకుని తల వంచితే మనమే ఆయనకు నమస్కారం పెట్టినట్టుంటుంది! మాట్లాడుతూనే ఉన్నాడు, పోగు తోస్తూనే ఉన్నాడు.

మర్నాడు అలంపురం. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలు. ఏడో శతాబ్దపు రాతి పని, లోపల మసక చీకటి. ఇది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు కాబట్టి ట్రైపాడ్ వాడాలంటే ముందే అనుమతి అడగాలి. యాషికా మ్యాట్‌లో బొమ్మ కుడి ఎడమలు తిరగబడి కనిపిస్తుంది. శిఖరం నిటారుగా పెట్టబోయి మొదటి పావుగంట కెమెరాను తప్పు వైపే తిప్పాను. దగ్గరి శిల్పం తీసేటప్పుడు ఇంకో చిక్కుంది. మనం చూసేది పై లెన్సుతో, ఫొటో పడేది కింది లెన్సుతో. చూసుకోకపోతే గంధర్వుడి తల తెగిపోతుంది. రెండు తెగాయి.

చీకట్లో ఇంకో మెలిక. మీటర్ ఎనిమిది సెకన్లు అని చెప్తే ఫిల్మ్‌కు ఎనిమిది చాలవు. ఒక సెకను దాటాక ఫిల్మ్ మందగిస్తుంది, ఇంకా ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఎంత ఎక్కువ అన్నది ఫిల్మ్‌ను బట్టి మారుతుంది. కంపెనీ ఇచ్చే కాగితంలో ఉంటుంది, చూసుకోండి.

రాజుగారి కోటలో పళ్లచక్రాలు

వనపర్తి సంస్థానాధీశుల ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ ఉంది. ప్యాలెస్ బొమ్మ కోసం వెళ్తే మెకానికల్ డిప్లొమా చదివే ఇద్దరు తమ్ముళ్లు పరిచయమయ్యారు. కెమెరా వెనక మూత తీసి చూపించగానే ఫొటోల సంగతి వదిలేసి "అన్నా, ఈ గేర్ టైమింగ్ ఎట్ల చెక్ చేస్తరు?" అని మొదలుపెట్టారు.

నిజంగా ఎలా చెక్ చేయాలి? జవాబు వాళ్ల జేబులోనే దొరికింది. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, వెనక మూత తెరిచిన కెమెరాను వెలుతురు వైపు తిప్పి, షట్టర్ తెరుచుకుని మూసుకునేది రికార్డు చేశారు. తర్వాత ఫ్రేములు లెక్కపెట్టారు. 1/60 అయితే నాలుగు ఫ్రేముల్లో వెలుతురు కనిపించాలి. 1/30 అయితే ఎనిమిది, 1/15 అయితే పదహారు. ఒక సెకనుకు 240 రావాలి. నేను చూపించిన కెమెరాకు 310 దాటాయి! లోపలి నూనె గట్టిపడి చక్రాలు బద్ధకిస్తున్నాయన్నమాట. 1/60 దగ్గర బాగానే ఉంది. అంతకన్నా చాలా వేగాలను ఈ పద్ధతిలో నమ్మకంగా కొలవలేం.

పాత కెమెరా కొనబోయే ముందు మీరూ ఇలా చేసి చూడండి. లెన్సును టార్చి లైటుకు ఎదురుగా పెట్టి సాలెగూడు లాంటి బూజు ఉందేమో చూడాలి. వెనక మూత అంచున ఉండే నల్లటి నురుగు పట్టీ వేలికి జిగురులా అంటుకుంటే వెలుతురు లోపలికి కారుతుంది. అయితే అది మార్చుకోవడం తేలిక. బ్యాటరీ అర ఆకుపచ్చగా పాచి పట్టి ఉంటే మీటర్ మీద ఆశ వదులుకోండి. యాషికా మ్యాట్ మీటర్‌కు కావాల్సిన పాదరసం బ్యాటరీలు ఇప్పుడు తయారు కావు. ప్రత్యామ్నాయాలున్నా రీడింగ్ తేడా రావచ్చు. ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ వేసుకుంటే సరి. కె1000కు ఆన్-ఆఫ్ స్విచ్ ఉండదు. లెన్సు మూత తీసి సంచిలో పడేస్తే బ్యాటరీ ఊరికే కరిగిపోతుంది.

ఈ కెమెరాలు బాగుచేసే చేతులు తక్కువ. నాకు తెలిసినవాళ్లంతా పెద్దవయసు వాళ్లే. పళ్లచక్రాలంటే భయం లేని డిప్లొమా కుర్రాళ్లకు ఇదో చిన్న దారి. ఇదే పూర్తి ఉద్యోగమవుతుందని చెప్పను. చేతిలో ఇంకో పని ఉంటే దీని మీద పైడబ్బులు వస్తాయి.

38, 39, 40...

నాగర్‌కర్నూల్ జిల్లాలోకి, నల్లమలలోకి వెళ్తూ ఒక మనిషిని తలుచుకోకుండా ఉండలేం. వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో ఈ అమ్రాబాద్ కొండల మీదే చెంచుల మధ్య ఉండి పనిచేశారు. వాళ్ల మీద ఆయన రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ సంస్థ దగ్గర భద్రంగా ఉన్నాయి. కరెంటు లేని అడవిలో, తీసింది ఎలా వచ్చిందో వెంటనే చూసుకునే వీల్లేకుండా తీసిన ఫొటోలవి. ఎనభై ఏళ్లు దాటినా విల్లు పట్టుకున్న చెంచు మనిషి ముఖం చెక్కుచెదరలేదు. నా ఫోన్ 2016లో పాడైనప్పుడు పోయిన ఫొటోలు మాత్రం మళ్లీ దొరకలేదు.

మన్ననూరు దాటాక పెంటాక్స్ కౌంటర్ చూసుకున్నాను. 38. పర్వాలేదు, ఒక్కోసారి రెండు ఎక్కువ వస్తాయి. 39. ఇంకోటి తీశా. 40. గుండె జారింది. రీలు మొన ఎక్కించే చక్రం నుంచి మొదట్లోనే జారిపోయింది. గద్వాల నుంచి అక్కడి దాకా నేను తీసినవన్నీ ఖాళీ. ఫిల్మ్ డబ్బాలోంచి ఒక్క అంగుళం కదల్లేదు. స్టూడియో పెద్దాయన ముఖం, మగ్గం మీది చేయి, ప్యాలెస్ మెట్ల మీద ఇద్దరు తమ్ముళ్లు... పెంటాక్స్‌తో తీసినవన్నీ పోయాయి. నికాన్, యాషికాల్లోవి మిగిలాయి కాబట్టి ఈ వ్యాసం రాయగలుగుతున్నాను.

దీనికి మందు ఒకటే. రీలు ఎక్కించాక రివైండ్ పిడిని కొంచెం బిగించి, లివర్ తిప్పినప్పుడల్లా ఆ పిడి కూడా తిరుగుతోందా అని చూడాలి. తిరిగితే రీలు కదులుతున్నట్టు. తిరగకపోతే ఆగి చూసుకోండి. డబ్బా కెమెరాలో వేసే 120 రీలుకు ఈ బాధ తక్కువ. వెనక కాగితం మీది బాణం గుర్తును కెమెరాలోని గుర్తుకు కలిపి మూత వేస్తే చాలు. తిప్పలు తక్కువ, కానీ బొమ్మలూ 12 మాత్రమే.

అడవిలో చెట్ల సందుల్లోంచి ఎండ మచ్చలు మచ్చలుగా పడుతుంది, పదహారు లెక్క పనిచేయదు. ముఖం ఎండలో ఉందా, నీడలో ఉందా తేల్చుకుని దానికే లెక్క కట్టాలి. ఇక ఎండాకాలంలో రీళ్లను కారు డ్యాష్‌బోర్డు మీద వదలొద్దు, వేడికి రంగులు చెడిపోతాయి. నేను టిఫిన్ సంచిలో పెరుగు డబ్బా పక్కన పెట్టుకున్నాను. చెంచు పెంటల్లో ఫొటో దిగుతారా అని అడిగాకే కెమెరా తీయండి. దిగినవాళ్లకు తర్వాత ప్రింటు తెచ్చివ్వండి. చూపించడానికి వెనక తెర లేని కెమెరా ఇది, మాట ఇస్తే నిలబెట్టుకోవాలి.

కడగడం... లెక్కలు

కలర్ రీళ్లను ల్యాబ్‌కు పంపించాను. నలుపు-తెలుపు మాత్రం ఇంట్లోనే కడిగాను. సినిమాల్లో చూపించే ఎర్ర బల్బు ప్రింట్లు వేసే కాగితానికే. ఫిల్మ్‌ను పూర్తి చీకట్లోనే ట్యాంకులోకి ఎక్కించాలి. మూత పెట్టాక మిగతా పని వెలుతురులోనే. డెవలపర్, స్టాప్, ఫిక్సర్, నీళ్లు. డి-76 లాంటి డెవలపర్‌కు సాధారణంగా 20 డిగ్రీల దగ్గర సమయాలు ఇస్తారు. మన దగ్గర ఏప్రిల్‌లో ట్యాంకు నీళ్లు చేయి పెట్టనివ్వవు. సీసాలను ఐసు ముక్కలేసిన బకెట్లో నిలబెట్టి, థర్మామీటర్ చూసుకుంటూ చేశాను. వేడి ఎక్కువైతే ఫిల్మ్ తొందరగా నల్లబడుతుంది.

ఖర్చు మాటేంటంటే, రీలు, కడిగించడం, స్కాన్ కలిపి నాకు ఒక్కో క్లిక్ 40, 50 రూపాయల దాకా పడింది. అందుకే నెలకు ఒకటే రీలు. కొనేవాళ్లకు నా ఓటు మీటర్ సరిగ్గా ఉన్న కె1000కో, తోలు ఊడినా షట్టర్ బాగున్న ఎఫ్ఎక్స్-3కో. ఎఫ్ఎం2 రేటుకు ఏడాదికి సరిపడా ఫిల్మ్ వస్తుంది. ఇంట్లో మామదో, తాతదో డబ్బా కెమెరా ఉంటే మాత్రం ముందు దాన్నే బయటికి తీయండి.

నేర్చుకుంటే దారెటు?

ఫిల్మ్ స్టూడియో పెడతానని ఉద్యోగం మానేయొద్దు. పెళ్లిళ్ల డబ్బంతా డిజిటల్‌లోనే ఉంది. కానీ చదువు వైపు చూస్తే వెలుతురు లెక్క చేతికొచ్చిన వాళ్లకు తలుపులున్నాయి. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో ఇంటర్ తర్వాత ప్రవేశ పరీక్షతో బీఎఫ్ఏ ఫొటోగ్రఫీ చేయొచ్చు. డిగ్రీ అయ్యాక పుణెలోని ఎఫ్‌టీఐఐలో సినిమాటోగ్రఫీ, గాంధీనగర్‌లోని ఎన్ఐడీలో ఫొటోగ్రఫీ డిజైన్‌లో పీజీ ఉన్నాయి. అర్హతలు, తేదీలు ఏటా నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. ఇలాంటి చోట్ల మీ పనిని చూపించమంటారు. 'ఈ ఫొటోకు ఎఫ్/8 ఎందుకు పెట్టావు?' అంటే తడుముకోకుండా చెప్పగలగాలి. ఆటోమేటిక్‌లో తీసినవాళ్లు తడబడేది అక్కడే.

రెండో దారి గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లు తక్కువ. అదే పాత ఫిల్మ్‌ను కాపాడే పని. ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2019 డిసెంబరులో హైదరాబాద్‌లో ఫిల్మ్ పరిరక్షణ వర్క్‌షాప్ నిర్వహించింది. మ్యూజియాలు, ఆర్కైవులు, పత్రికల ఫొటో లైబ్రరీలు... వీటికి నెగెటివ్ చేత్తో పట్టుకోవడం తెలిసినవాళ్లు కావాలి. ఎక్కువ మందిని తీసుకోరు. కానీ ఆ పని తెలిసినవాళ్లూ ఎక్కువ మంది లేరు.

నేర్చుకోవడానికి ఏ కాలేజీ అక్కర్లేదు కూడా. తిరిగి గద్వాల వెళ్లి, పోయిన రీలు సంగతి చెబితే పెద్దాయన పగలబడి నవ్వారు. "తిప్పేది తిరుగుతుందా చూడలేదా?" అని మళ్లీ కుర్చీలో కూర్చుని ఫొటో దిగారు. ఈసారి పిడి తిరగడం ఇద్దరం చూశాం. తర్వాత అటక మీదికి చేయి చూపించారు. బిస్కెట్ల రేకు డబ్బాలు పదమూడు. నిండా నెగెటివ్‌లు. "అలంపురం దిక్కు, ముంపు ఊళ్లకు పెళ్లిళ్లకు పోయేటోణ్ని. యాడ ఏముందో నాకే యాదికి లేదు. పారేద్దామంటున్నరు ఇంట్లో."

మొదటి డబ్బా తెరవగానే పులిసిన వెనిగర్ వాసన. పాత అసిటేట్ ఫిల్మ్ కుళ్లడం మొదలైతే వచ్చే వాసన అది. ఒకటి మొదలైతే పక్కవాటికీ పాకుతుంది. వాసనొచ్చేవి వేరు చేశాం. మిగతావాటిని ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి కాగితం కవర్లలోకి మార్చి, ప్రతిదాని మీద పెన్సిల్‌తో డబ్బా నంబరు, వరుస నంబరు రాస్తున్నాం. తెల్లటి లైట్ ప్యానెల్ మీద పెట్టి డిజిటల్ కెమెరాతో ఒక్కోటి కాపీ తీసుకుంటున్నాను. అన్నీ వేరేవాళ్ల ఇళ్ల పెళ్లిళ్లు కాబట్టి ఎక్కడా పెట్టట్లేదు. ఎవరైనా వచ్చి మా ఊరు, మా తాత అని అడిగితే పెద్దాయన గుర్తుపట్టాకే ప్రింటు ఇస్తాం. ఇద్దరు అడిగారు. ఒకరికి దొరికింది.

మా అవ్వ ఊరు కొల్లాపూర్ దిక్కు, ఇవేమో అలంపురం దిక్కు. అందులో ఉండే అవకాశం తక్కువే. అయినా ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "వేపచెట్టు కనబడ్డదా?" అని అడుగుతుంది. ఇప్పటికి రెండు డబ్బాలు పూర్తయ్యాయి.